హైటెక్ వెలుగులు గుడిమల్కాపూర్ దాకా ఎప్పుడు?

గుడిమల్కాపూర్ నుంచి మాదాపూర్‌లోని సైబర్ టవర్స్‌కు గట్టిగా కొలిచినా పదిహేను కిలోమీటర్లు వుండదు. మెహిదీపట్నం, టోలిచౌకి, షేక్‌పేట, రాయదుర్గం దాటితే వచ్చేసినట్టే. ఆ మేడ లేచి పాతికేళ్లు దాటింది. దాని చుట్టూ ఒక కొత్త నగరమే లేచింది. ఆ నగరంలో లక్షల మంది ఉద్యోగాలు చేస్తున్నారు. గుడిమల్కాపూర్, కార్వాన్, ఆసిఫ్‌నగర్, లంగర్‌హౌస్ బస్తీల నుంచి మాత్రం అక్కడికి కంప్యూటర్ ముందు కూర్చునే పనికి వెళ్లే వారి కంటే కాపలా పనికి, క్యాబు నడపడానికి, క్యాంటీన్ పనికి వెళ్లేవారే ఎక్కువగా కనిపిస్తారు. ఏ పనీ తక్కువది కాదు. కాని ఒకే నగరంలో ఒక దిక్కు పిల్లలకు ఒక రకం పని, మరో దిక్కు పిల్లలకు మరో రకం పని అన్నట్టుగా స్థిరపడిపోతే అది నగరానికి మంచిది కాదు.

రాష్ట్ర ప్రభుత్వం 2047 సంవత్సరం దాకా చూపు సారించి 2025 డిసెంబరులో 'తెలంగాణ రైజింగ్ 2047' పేరిట ఒక దూరదృష్టి పత్రాన్ని విడుదల చేసింది. అవుటర్ రింగ్ రోడ్డు లోపలి ప్రాంతాన్ని ఒక ఆర్థిక మండలంగా, రింగు రోడ్డు అవతలి ప్రాంతాన్ని మరో మండలంగా, పల్లెలను ఇంకో మండలంగా అందులో విభజించారు. గుడిమల్కాపూర్ మొదటి మండలంలోకి వస్తుంది. పత్రంలో చోటు దక్కింది సరే, పనుల్లో చోటు దక్కుతుందా అన్నదే ఈ ప్రాంతం ముందున్న ప్రశ్న. ఇరవై ఏళ్ల కిందటి పత్రాల అనుభవం చూస్తే ఈ అనుమానం అసమంజసమేమీ కాదు.

పునాది ఎప్పటిది?

హైదరాబాద్ సాంకేతిక పరిశ్రమ 1998లో హైటెక్ సిటీతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. చెట్టు కాయలు కాసిన రోజును విత్తు నాటిన రోజు అనలేము. నిజాం పాలనలో 1929లోనే పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చడానికి ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఏర్పాటయింది. తరువాత ఆల్విన్, ప్రాగా టూల్స్ వంటి కర్మాగారాలు వచ్చాయి. లేతు మీద పనిచేసే కార్మికుడు, కొలతలు తెలిసిన మేస్త్రి, యంత్రం విప్పి బిగించగల పనివాడు అప్పుడే ఈ నగరంలో తయారయ్యారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కేంద్ర ప్రభుత్వం ఇక్కడ వరుసగా పెద్ద సంస్థలను నెలకొల్పింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం వచ్చింది. క్షిపణుల పరిశోధన జరిపే డీఆర్‌డీఎల్ 1960లలో హైదరాబాద్‌కు చేరింది. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే ఈసీఐఎల్ ఏర్పడింది. దాని నిర్మాత డాక్టర్ ఏ.ఎస్.రావు పేరున నేటికీ నగరంలో ఒక పెద్ద కాలనీ వుంది. దేశంలో తయారైన తొలితరం కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ-12 ఆ సంస్థదే. ఐబీఎం సంస్థ 1978లో దేశం విడిచి వెళ్లినప్పుడు దాని కంప్యూటర్ల బాగోగులు చూసిన ప్రభుత్వ సంస్థ సీఎంసీ. ఆ సంస్థ కూడా సికింద్రాబాద్‌లో పరిశోధన విభాగాన్ని నడిపింది.

ఈ సంస్థలు ఇచ్చిన జీతాల కంటే అవి తయారుచేసిన మనుషులే నగరానికి పెద్ద ఆస్తి. ఐడీపీఎల్‌లో పనిచేసిన డాక్టర్ కె.అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్‌ను స్థాపించారు. ఆ బాటలో పదులకొద్దీ మందుల కంపెనీలు లేచాయి. ఐడీపీఎల్ కర్మాగారం మూతబడింది, కాని అది నేర్పిన విద్య మూతబడలేదు. దీర్ఘకాలిక ప్రణాళిక అంటే ఇదే. మేడ కూలినా మనిషి మిగలాలి. మనిషి నేర్చుకున్నది మరొకరికి అందాలి.

ప్రభుత్వాలు మారినా బాట మారలేదు

1991లో కేంద్రం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పథకం తెచ్చింది. హైదరాబాద్‌లో ఆ కార్యాలయం అమీర్‌పేటలోని మైత్రీవనంలో నడిచింది. ఉపగ్రహం ద్వారా సమాచారం పంపే సదుపాయం, పన్ను రాయితీ దొరకడంతో చిన్న కంపెనీలు విదేశాల పని ఇక్కడే కూర్చుని చేయడం మొదలుపెట్టాయి. కంప్యూటర్ కోర్సు నేర్పే శిక్షణ కేంద్రాలతో అదే అమీర్‌పేట తరువాత రోజుల్లో దేశమంతటా పేరు పొందింది.

ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు హయాంలో ఏపీఐఐసీ, ఎల్ అండ్ టీ కలిసి కట్టిన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అదే సంవత్సరం ట్రిపుల్ ఐటీ మొదలయింది. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో ప్రారంభించింది. 1999లో విజన్ 2020 పత్రం వెలువడింది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చారు. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వచ్చింది.

2004లో ప్రభుత్వం మారింది. హైటెక్ సిటీ కథ ముగిసిందని అప్పట్లో కొందరు జోస్యం చెప్పారు. కాని రాజశేఖరరెడ్డి హయాంలో 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయింది. అవుటర్ రింగ్ రోడ్డు పనులు సాగాయి. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే తెరుచుకుంది. అదే ఏడాది జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. వేలాది ఉద్యోగుల బతుకు ఏమవుతుందోనని నగరం వణికింది. కేంద్రం వెంటనే కొత్త బోర్డును నియమించడంతో, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని చేజిక్కించుకోవడంతో పరిశ్రమ నిలదొక్కుకుంది.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2015 నవంబరులో టీ-హబ్ ప్రారంభమయింది. 2016లో తొలి ఐటీ విధానం వచ్చింది. ఎగుమతులను 2020 నాటికి 1.2 లక్షల కోట్ల రూపాయలకు చేర్చాలన్నది అందులో లక్ష్యం. 2019-20లో ఎగుమతులు 1,28,807 కోట్లకు చేరాయి. అంటే లక్ష్యం నెరవేరింది. 2021లో రెండో విధానం 2026 నాటికి 3 లక్షల కోట్ల ఎగుమతులు, 10 లక్షల ఉద్యోగాలు అని గురి పెట్టుకుంది. 2013-14లో 57,258 కోట్లున్న ఎగుమతులు 2022-23 నాటికి 2,41,275 కోట్లయ్యాయి. ఆ సంవత్సరాంతానికి ఉద్యోగుల సంఖ్య 9,05,715. 2023 డిసెంబరులో మళ్లీ ప్రభుత్వం మారినా పెట్టుబడుల కోసం విదేశీ యాత్రలు, ఒప్పందాలు అదే వరుసలో సాగుతున్నాయి.

ఏ పార్టీ గొప్ప అన్న తగవు ఎన్నికల సభలకు వదిలేయవచ్చు. ఒకరు వేసిన మొక్కకు తరువాత వచ్చినవారు నీరు పోశారు, పీకివేయలేదు. చాలా నగరాలకు దక్కని అదృష్టం ఇది. మెచ్చుకోవలసిన సంగతే.

ఒకే దిక్కుకు వంగిన కొమ్మ

అయితే నీరు పోసిన ప్రతివారూ ఒకే కొమ్మకు పోశారు. మాదాపూర్ నిండిన తరువాత గచ్చిబౌలి, గచ్చిబౌలి నిండిన తరువాత నానక్‌రాంగూడ, అదీ నిండితే కోకాపేట. 2019లో అమెజాన్ 15 వేల మంది కూర్చునే భవనాన్ని నానక్‌రాంగూడలోనే కట్టింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ఎకరం 100.75 కోట్ల రూపాయలకు పోయింది. ఆ ధర విని ఖజానా సంతోషించింది. కాని ఎకరం వంద కోట్లు పలికిన చోట మామూలు ఉద్యోగి అద్దెకు ఇల్లు తీసుకోగలడా? పది మందితో కంపెనీ పెట్టే కుర్రవాడు అక్కడ ఒక గది పట్టగలడా?

పడమటి దిక్కున భూమి కరువైన సంగతి 2025లో మరీ స్పష్టమయింది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను ఐటీ పార్కుల కోసం అభివృద్ధి చేయాలని ప్రభుత్వం తలపెట్టింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన వున్న ఆ చెట్లను కొట్టవద్దని విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు నిలిపివేయించింది. ఎవరి వాదన ఎలా వున్నా, అన్ని ఆఫీసులూ ఒకే దిక్కున పెట్టాలన్న పట్టుదల చివరకు చెట్టుకూ మేడకూ మధ్య తగవు తెచ్చిందన్నది కాదనలేని నిజం.

సాయంత్రం ఆరు గంటలకు రాయదుర్గం దగ్గర నిలబడి చూస్తే మిగతా సంగతి అర్థమవుతుంది. 333 కోట్ల రూపాయలతో కట్టిన షేక్‌పేట ఫ్లైఓవర్ 2022 జనవరి 1న తెరుచుకుంది. కొంత ఊరట కలిగింది. కాని ఎన్ని వంతెనలు కట్టినా అందరూ ఉదయం ఒకే వైపుకు, సాయంత్రం ఒకే వైపు నుంచి వస్తుంటే రద్దీ తగ్గేదెలా?

గ్రిడ్ మాట ఏమయింది?

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2020 డిసెంబరులోనే 'గ్రిడ్' అనే విధానం ప్రకటించారు. అభివృద్ధిని నలుదిక్కులకూ చెదరగొట్టాలన్నది దాని సారాంశం. పాత పారిశ్రామికవాడల్లో స్థలాలను ఐటీ పార్కులుగా మార్చుకోవచ్చునన్నారు. అటువైపు వెళ్లే కంపెనీలకు అద్దెలో, కరెంటు చార్జీలో రాయితీ ఇస్తామన్నారు. తూర్పున ఉప్పల్, పోచారం అప్పటికే కొంత ఎదిగాయి. ఆగ్నేయాన ఆదిభట్లలో టీసీఎస్ వుంది. ఉత్తరాన కండ్లకోయలో ఐటీ పార్కుకు 2022లో పునాది రాయి పడింది. కరీంనగర్, ఖమ్మం, మహబూబ్‌నగర్, సిద్దిపేట, నిజామాబాద్ వంటి పట్టణాల్లో కూడా 2020 నుంచి 2023 లోపల ఐటీ టవర్లు లేచాయి.

పాతబస్తీ వాటాకు 2023 అక్టోబరు 2న మలక్‌పేటలో ఐటీ టవరుకు శంకుస్థాపన జరిగింది. సంతోషం. కాని శంకుస్థాపనలు ఈ వైపు ప్రజలకు కొత్త కాదు. కరీంనగర్ దాకా వెళ్లిన టవరు మూసీ దాటి రావడానికి ఎందుకింత ఆలస్యమయిందన్నదే వారి ప్రశ్న. ఇక గుడిమల్కాపూర్, కార్వాన్ వైపు అయితే అటువంటి రాయి పడిన దాఖలా కూడా లేదు.

స్థలం లేదనే సాకు ఇక్కడ చెల్లదు. పీవీ ఎక్స్‌ప్రెస్ వే దిగగానే ఆరాంఘర్ సమీపంలో కాటేదాన్ పారిశ్రామికవాడ వుంది. పాతబస్తీలోనే చందూలాల్ బారాదరి పారిశ్రామికవాడ వుంది. విమానాశ్రయానికి మాదాపూర్ కంటే ఈ దారి దగ్గర. ఎక్స్‌ప్రెస్ వే గుడిమల్కాపూర్ పక్కగానే వెళుతుంది. దాని స్తంభాల నెంబర్లు ఈ చుట్టుపక్కల వారికి చిరునామాలుగా ఉపయోగపడుతున్నాయి. 'ఫలానా పిల్లర్ దగ్గర' అంటే ఆటోవాలాకు ఇట్టే తెలుస్తుంది. విమానం దిగి వచ్చే పెట్టుబడిదారు నెత్తి మీదుగా దాటి వెళ్లిపోతున్నాడు, కింద వున్న బస్తీకి ఆ నెంబరు తప్ప మరేమీ దక్కలేదు.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. సర్కారు ఉత్తర్వుతో మైక్రోసాఫ్ట్ వంటి సంస్థ గుడిమల్కాపూర్‌కు రాదు. కంపెనీలు కంపెనీల పక్కనే చేరతాయి. పనివాళ్లు, వంతెనలు, హోటళ్లు, బడులు అన్నీ ఒకచోట దొరకడమే వారికి కావాలి. కనుక ఇరవై అంతస్తుల మేడ ఒకటి ఇక్కడ కట్టి తాళం వేసుకుని కూర్చోమని ఎవరూ అడగడం లేదు. ముందు దారి, తరువాత చదువు, ఆ తరువాత చిన్న చిన్న గదులు, చివరకు మేడ. ఈ వరుసలో పని జరగాలి.

దారి సంగతి

మొదటిది రాకపోకలు. జంటనగరాల మెట్రో మొదటి దశ 69 కిలోమీటర్లు. మియాపూర్-ఎల్బీనగర్, నాగోల్-రాయదుర్గం, జూబ్లీ బస్‌స్టేషన్-ఎంజీబీఎస్ మార్గాలు నడుస్తున్నాయి. వీటిలో ఏదీ మెహిదీపట్నం వైపు రాదు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా వేయవలసిన అయిదున్నర కిలోమీటర్లు మొదటి దశలోనే వున్నా ఆగిపోయాయి. ఆ మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. ఫలక్‌నుమా నుంచి హైటెక్ సిటీ మీదుగా లింగంపల్లికి ఎంఎంటీఎస్ రైలు మార్గం వుంది, కాని అది సికింద్రాబాద్ చుట్టి రావాలి. గుడిమల్కాపూర్‌కు ఆ రైలూ అందదు.

మిగిలింది ఆర్టీసీ. మెహిదీపట్నం నుంచి లింగంపల్లి వెళ్లే 216 నెంబరు బస్సులే ఈ వైపు వారికి దిక్కు. 2023 డిసెంబరు నుంచి మహిళలకు బస్సులో ఉచిత ప్రయాణం కల్పించిన తరువాత ఆడపిల్లలు చదువుకు, శిక్షణకు దూరం వెళ్లడం కొంత తేలికయింది. దీన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లాలి. గుడిమల్కాపూర్ నుంచి నేరుగా గచ్చిబౌలికి ఉదయం, సాయంత్రం బస్సులు నడపడానికి వేల కోట్లు అక్కర లేదు. ఒక డిపో మేనేజరు తలచుకుంటే చాలు. పెద్ద ప్రణాళికలు రాసేవారు ఇటువంటి చిన్న పనిని చిన్నచూపు చూడకూడదు.

చదువు, శిక్షణ

రెండవది చదువు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విజ్ఞాన శాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో బోధించారు. అందుకోసం అంతకు ముందే ప్రత్యేకంగా ఒక అనువాద విభాగాన్నే నెలకొల్పారు. ఇంట్లో మాట్లాడే భాషలో పెద్ద చదువు చెప్పవచ్చునని దేశానికి చూపిన నగరం ఇది. అటువంటి చోట నేడు తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లవాడు కంప్యూటర్ తెలిసి కూడా ఇంటర్వ్యూలో ఇంగ్లీషు రాక తలవంచుకుని వస్తున్నాడంటే ఆ లోపం పిల్లవాడిది కాదు. ఇంగ్లీషు నేర్పాలి, తప్పదు. కాని ఇంగ్లీషు వచ్చేదాకా కంప్యూటర్ ముట్టుకోవద్దనడం తగదు.

పాతబస్తీ నిరుద్యోగుల కోసం ప్రభుత్వం గతంలో ఏమీ చేయలేదనడమూ సరికాదు. 1978లో సెట్విన్ ఏర్పడింది. కుట్టుపని నుంచి కంప్యూటర్ దాకా చవక రుసుముకు నేర్పింది. చిన్న బస్సులు నడిపి జంటనగరాల్లో పేరు తెచ్చుకుంది. 1981లో పాతబస్తీ బాగు కోసం కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థ వచ్చింది. చందూలాల్ బారాదరిలో ప్రభుత్వ పాలిటెక్నిక్ వుంది. మాసబ్‌ట్యాంకులో మరో పాలిటెక్నిక్ గుడిమల్కాపూర్‌కు కూతవేటు దూరంలో వుంది. ఇళ్లూ వాకిళ్లూ వున్నాయి, కాని వాటికీ హైటెక్ సిటీకీ మధ్య తలుపు తెరుచుకోలేదు. టీ-హబ్, టీ-వర్క్స్ రెండూ రాయదుర్గం వైపే వున్నాయి. 2024 ఆగస్టు 1న ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిన యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ కందుకూరు మండలంలో వస్తున్నది. గుడిమల్కాపూర్ పిల్లవాడికి ఇదీ దూరమే, అదీ దూరమే.

తైవాన్ దేశపు అనుభవం ఇక్కడ చెప్పుకోదగినది. అక్కడి ప్రభుత్వం 1973లో ముందుగా పరిశ్రమల కోసం ఒక పరిశోధన సంస్థను పెట్టింది. 1980లో షించు అనే ఊరిలో రెండు విశ్వవిద్యాలయాల పక్కనే సైన్సు పార్కును తెరిచింది. ముందు మనిషిని తయారుచేసి, తరువాత అతని గడప ముందు పార్కు పెట్టారు. నేడు ప్రపంచానికి చిప్పులు ఆ ఊరి నుంచి వెళుతున్నాయి. పొరుగున వున్న బెంగుళూరులోనూ 1970ల చివర రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ ఎలక్ట్రానిక్ సిటీకి స్థలం సిద్ధం చేసింది. ఊరికి దూరంగా ఎందుకని అప్పుడు నవ్వినవారున్నారు. ఇప్పుడు నవ్వేవారు లేరు, ట్రాఫిక్ చూసి ఏడ్చేవారు వున్నారు. ఆ రెండో పాఠం కూడా నేర్చుకోవలసినదే.

పైగా కాలం మారుతున్నది. కొత్తగా చదువు ముగించిన వారికి ఇచ్చే చిన్న చిన్న పనులను కృత్రిమ మేధ చేసేస్తున్నది. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. పోటీ కూడా పెరిగింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతామన్నది. మూడు నెలల కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అన్న బోర్డులను నమ్మే రోజులు పోతున్నాయి. నిచ్చెన కింది మెట్టే విరుగుతున్నప్పుడు, ఇంకా నిచ్చెన దగ్గరకే రానివారి గతి ఏమిటన్నది దూరదృష్టి పత్రాలు రాసేవారు ముందుగా ఆలోచించవలసిన విషయం.

పూల మార్కెట్టుకూ కావాలి

సాంకేతికత అంటే అమెరికాకు పంపే సాఫ్ట్‌వేరు ఒక్కటే కాదు. గుడిమల్కాపూర్ పేరు చెప్పగానే జంటనగరాల ప్రజలకు గుర్తు వచ్చేది టోకు పూల మార్కెట్టు. చేవెళ్ల, షాబాద్, మొయినాబాద్ వైపు రైతులు తెల్లవారక ముందే బంతి, చామంతి, గులాబీ మూటలతో ఇక్కడికి చేరతారు. బతుకమ్మ, దసరా, శ్రావణ శుక్రవారాలు వస్తే కాలు పెట్టే సందు వుండదు. పొద్దెక్కేసరికి వాడిపోయే సరుకు ఇది. ఉదయం పలికిన ధర మధ్యాహ్నానికి నిలవదు. మూట కట్టే ముందే ఆనాటి ధర రైతు ఫోనుకు చేరితే, మిగిలిన పూలు చల్లగా దాచుకునే గది వుంటే, తూకం లెక్క కాగితం మీద చేతికి వస్తే, అదే ఆ రైతుకు హైటెక్.

ఇది ఊహాలోకపు కోరిక కాదు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు సుమారు 10 టన్నుల చెత్త కూరగాయలతో 500 యూనిట్ల దాకా కరెంటు తీసే ఏర్పాటు చేశారు. ఆ పద్ధతిని రూపొందించింది తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలే. 2021 జనవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో దీన్ని మెచ్చుకున్నారు. చెత్త కూరగాయలు వెలుగు ఇచ్చినప్పుడు వాడిన పూలు ఎందుకు ఇవ్వవు? పూలతో అగరుబత్తీలు, రంగులు, ఎరువు చేయడం తెలిసినవారు దేశంలో వున్నారు. అటువంటి చిన్న సంస్థలకు మార్కెట్టు ఆవరణలో నాలుగు షెడ్లు ఇస్తే ఈ బస్తీ ఆడవారికి ఇంటి పక్కనే పని దొరుకుతుంది.

సామాన్యుడికి ఉపయోగపడిన కంప్యూటర్ ఎంత త్వరగా పాతుకుపోతుందో ఈ నగరమే చూసింది. రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు 1998లో వచ్చాయి. 1999లో 'ట్విన్స్' పేరుతో మొదలయిన బిల్లుల చెల్లింపు కేంద్రం 2001లో ఈ-సేవగా మారింది. 2011లో మీసేవ వచ్చింది. కరెంటు బిల్లు కోసం ఎండలో క్యూ కట్టిన రోజులు పోయాయి. ఎగుమతుల లెక్కలో ఇవేవీ కనిపించవు. కాని ప్రజల నోట మంచిమాట తెచ్చింది ఇవే.

చేయవలసినదేమిటి?

గోల్కొండ కాలంలో కార్వాన్ వజ్రాల వర్తకులు దిగే చోటు. దూరదేశాల బేరగాళ్లు అక్కడికి వచ్చి సరుకు చూసుకునేవారు. అంటే ప్రపంచ వ్యాపారం ఈ గడపకు కొత్త కాదు. పోయిన ఆ వైభవం తలచుకుని నిట్టూర్చడం వల్ల లాభం లేదు, ఇప్పుడు చేయగలిగినది చేయాలి.

ప్రభుత్వం ముందుగా ఒక పని చేయవచ్చు. ఏటా ఐటీ నివేదిక విడుదల చేసేటప్పుడు రాష్ట్రం మొత్తానికి ఒక అంకె చెప్పి ఊరుకోకుండా, నగరంలో ఏ దిక్కున ఎన్ని కంపెనీలు, ఎన్ని ఉద్యోగాలు వున్నాయో విడిగా ప్రకటించాలి. మూసీకి దక్షిణాన, కార్వాన్ వైపున ఎన్ని వున్నాయో అప్పుడు తేలుతుంది. అంకె బయటపడితే సిగ్గయినా పని చేయిస్తుంది.

ఆ తరువాత మాసబ్‌ట్యాంక్, చందూలాల్ బారాదరి పాలిటెక్నిక్‌లలో సాయంత్రం పూట శిక్షణ తరగతులు పెట్టి, వాటికి హైటెక్ సిటీ కంపెనీల నుంచే బోధించేవారిని రప్పించాలి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లించమని అడగాలి. టీ-హబ్ శాఖ ఒకటి ఈ వైపు చిన్నదైనా తెరవాలి. పది కుర్చీలు, నిలకడైన కరెంటు, మంచి ఇంటర్నెట్ వున్న గది తక్కువ అద్దెకు దొరికితే ముగ్గురు స్నేహితులు కలిసి పని మొదలుపెట్టగలరు. కాటేదాన్‌కు గ్రిడ్ రాయితీలు కాగితం మీదనే వుండకుండా చూడాలి. మలక్‌పేట టవరుకు, పాతబస్తీ మెట్రోకు గడువు తేదీలు ప్రకటించి వాటికి కట్టుబడాలి. మెట్రో తరువాతి మార్గాలు గీసేటప్పుడు మెహిదీపట్నాన్ని మరువరాదు.

బాధ్యత ప్రభుత్వానిదే అని చేతులు దులుపుకోవడమూ తగదు. ఎన్నికలప్పుడు గల్లీగల్లీ తిరిగే నాయకులు నల్లా, డ్రైనేజీ, రోడ్డు గురించి అడిగినంత గట్టిగా శిక్షణ కేంద్రం గురించి అడగడం లేదు. పదో తరగతి కాగానే పిల్లవాడిని దుకాణంలో కూర్చోబెడితే రేపటి ఖర్చు గడుస్తుంది, ఎల్లుండి దారి మూసుకుపోతుంది. ఆడపిల్ల రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరితే వీధివారు ఏమనుకుంటారో అన్న భయం తల్లిదండ్రులు వదులుకోవాలి. ఆ భయం అక్కర లేకుండా బస్సు, వీధి దీపం చూసే పూచీ నగరపాలక సంస్థది, పోలీసులది.

2047 రావడానికి ఇంకా ఇరవై ఏళ్ల పైచిలుకు వుంది. నేడు గుడిమల్కాపూర్ బడిలో అక్షరాలు దిద్దుతున్న పిల్లలు అప్పటికి ముప్పై ఏళ్ల దగ్గర పడతారు. దూరదృష్టి పత్రం వారికి ఏమి ఇచ్చిందో అడిగే వయసు అది. ఆనాటికి జవాబు చెప్పుకోగలిగేలా వుండాలంటే ఈ బడ్జెట్టులోనే మొదటి బస్సు, మొదటి తరగతి, మొదటి గది కనిపించాలి. జిల్లా అధికారులు, ఐటీ శాఖ, ఈ నియోజకవర్గపు ప్రజాప్రతినిధులు ఒకచోట కూర్చుని ఇందుకొక తేదీ నిర్ణయించవలసిన అవసరం ఎంతైనా వుంది.